ఇంటికన్నా ముందు హమ్‌సాయా

హైదరాబాద్‌లో ఎక్కడుంటున్నరని చుట్టాలు అడుగుతారు. చిక్కడపల్లి అని చెప్తాను. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "చిక్కడపల్లా? అక్కడ మనోళ్లు ఎవరున్నరు?"

రెండేళ్లుగా ఈ ప్రశ్న వింటున్నాను. వలీమాలో బిర్యానీ ప్లేటు చేతిలో ఉండగా అడిగినవాళ్లున్నారు, జనాజా నమాజ్ అయి బయటికొస్తూ అడిగినవాళ్లూ ఉన్నారు. అడగడంలో తప్పేం లేదు. మన ఖైరియత్ కోరేవాళ్లే అడుగుతారు. ఈ మధ్య జిల్లాల నుంచి నగరానికి మారుతున్న మన కుటుంబాలు ఎక్కువయ్యాయి. నాకు ఫోన్ చేసి "ఏ ఏరియా అయితే మంచిగుంటది భాయ్?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

మాది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీ తెలుగులో చేసి, ఒక తెలుగు పత్రికలో చేరినవాణ్ణి. 2023 మొదట్లో నన్ను హైదరాబాద్ డెస్క్‌కి మార్చారు. రాత్రి షిఫ్టు. ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. ఇంట్లో అమ్మీ, బీవీ, తొమ్మిదో తరగతి బేటీ, ఐదో తరగతి బేటా. ఎండాకాలం సెలవుల్లో మారిపోవాలి. నగరం కొత్తదేం కాదు, వంద కిలోమీటర్లు. వచ్చిపోవడం వేరు, సంసారం ఎత్తుకొచ్చి దింపడం వేరు.

ఒకరోజు దస్తర్‌ఖాన్ దగ్గర అందర్నీ మష్వరా అడిగాను. ఎవరికి ఏం కావాలో చెప్పమన్నాను. అమ్మీకి అజాన్ వినిపించాలి, మెట్లు తక్కువుండాలి. బీవీకి రోజూ నీళ్లు రావాలి, బడి నడిచిపోయేంత దూరంలో ఉండాలి, నేను లేని రాత్రుళ్లు భయం లేకుండా పడుకోగలగాలి. బేటాకి ఆడుకునే గ్రౌండు. బేటీ కాస్త ఆలోచించి "లైబ్రరీ" అంది. మా జిల్లా గ్రంథాలయంలో కుర్చీ కోసం పొద్దున ఏడింటికే పోయి నిలబడే పిల్ల అది. నాకేం కావాలో ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. పాలమూరు బస్సు, రైలు రెండూ దగ్గరుండాలన్నాను.

కాగితం మీద ఇవన్నీ రాసుకుని చూస్తే నా వేలు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ దగ్గర ఆగింది. పాలమూరు నుంచి వచ్చే రైళ్లు కాచిగూడలో ఆగుతాయి, అక్కడి నుంచి నారాయణగూడ ఆటోలో కొద్ది నిమిషాలు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలైంది. చిక్కడపల్లిలో ఎక్కితే నారాయణగూడ, సుల్తాన్‌బజార్, ఆ తర్వాతదే ఎంజీబీఎస్. ఎంజీబీఎస్‌లో దిగితే మా ఊరి బస్సు. రంజాన్‌లో చార్మినార్ పోవాలన్నా అదే దారి. అటువైపు రెండు స్టేషన్లు పోతే ముషీరాబాద్. పెద్ద మసీదు, గోష్త్ దుకాణాలు, ఉర్దూలో బేరాలు, అన్నీ అక్కడ ఉన్నాయి.

ఆ ఇలాఖా పేర్లు చూడండి. ముషీరాబాద్, హిమాయత్‌నగర్, బర్కత్‌పురా ఒకవైపు నుంచి వచ్చినవి. నారాయణగూడ, చిక్కడపల్లి ఇంకోవైపు నుంచి వచ్చినవి. బాగ్‌లింగంపల్లి అయితే ఒక్క పేరులోనే సగం ఫార్సీ, సగం తెలుగు. బాగ్ అంటే తోట, లింగంపల్లి సంగతి మీకు తెలిసిందే. ఆ పేరు పలికే ఆటోవాలాకి రెండు జుబాన్లు కలిపి పలుకుతున్నానన్న సోయి కూడా ఉండదు.

నిజాం కాలంలో తెలుగు చదువు నిలబడింది కూడా ఈ చుట్టుపక్కలే. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో పెట్టింది. మాడపాటి హనుమంతరావు గారు తెలుగు ఆడపిల్లల కోసం 1928లో పెట్టిన బడి నారాయణగూడలో ఉంది. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1943 నాటిది, బొగ్గులకుంటలో ఉంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం. హిమాయత్‌నగర్‌లో ఉర్దూ హాల్. ఉర్దూలో అలిఫ్ బే దిద్ది, తెలుగులో రొట్టె సంపాదించుకునే నాలాంటివాడికి ఇంతకన్నా దగ్గరగా ఈ రెండూ ఇంకెక్కడ దొరుకుతాయి?

బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గురించి ఒక మాట చెప్పాలి. అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన జీవితమంతా సేకరించిన ఉర్దూ కితాబులు, రిసాలాలు అక్కడే ఉన్నాయి. ఒక కమ్యూనిస్టు నాయకుడి పేరు మీద ఉన్న తెలుగు లైబ్రరీలో ఉర్దూ ఖజానా. 2000 ఆగస్టు వరదల్లో ఆ భవనంలోకి నీళ్లొచ్చి ఎన్నో పుస్తకాలు తడిశాయి. తెలుగువీ తడిశాయి, ఉర్దూవీ తడిశాయి.

ఆ వరద సంగతి ఇల్లు వెతికేవాళ్లకి కూడా పనికొస్తుంది. హుస్సేన్‌సాగర్ నుంచి పొర్లే నీళ్ల నాలా అశోక్‌నగర్, దోమలగూడ, హిమాయత్‌నగర్ పక్కల నుంచి మూసీ దాకా పోతుంది. నాలా దగ్గరి గల్లీల్లో గ్రౌండ్ ఫ్లోర్ కిరాయి కాస్త తక్కువ చెప్తే సంబరపడకండి. పక్కింటి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూడండి. అమ్మీకి మెట్లు తక్కువుండాలన్న షర్తు అశోక్‌నగర్‌లో అక్కడే ఆగిపోయింది. కింద ఉంటే నీళ్ల ఫిక్ర్, పైన ఉంటే మోకాళ్ల ఫిక్ర్.

అశోక్‌నగర్‌కి ఇంకో లక్షణం ఉంది. గ్రూప్స్ కోచింగ్‌ల రాజధాని అది. ఒక్కో ఇల్లు ఒక్కో హాస్టల్. నేను తిరుగుతున్న రోజుల్లోనే, 2023 మార్చిలో, సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడింది. ప్రతి టీకొట్టు దగ్గరా అదే మాట. జిల్లాల పిల్లలు నలుగురు ఒక గదిలో సర్దుకుని, అన్నం పార్సిల్ పంచుకుని తింటూ, ఐదేళ్లుగా నోటిఫికేషన్ కోసం చూస్తున్నారు. ఓనర్లకి కుటుంబానికిచ్చే కిరాయికన్నా మంచాల లెక్కన వచ్చేది ఎక్కువ. అందుకే అక్కడ మాలాంటి ఐదుగురి కుటుంబానికి ఇల్లు దొరకడం కష్టం, ఏ మతమైనా.

ఇక అసలు సంగతికి వస్తాను.

టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేసేవాణ్ణి. నా తెలుగు డిగ్రీ తెలుగు, పైగా ఇరవై ఏళ్లు వార్తలు రాసిన తెలుగు. అవతలి పెద్దమనిషి ముచ్చటపడేవాడు. "జర్నలిస్టా? మంచిది బాబూ. ఎంతమంది? పిల్లలెంత? రేపు పొద్దున రండి, చూద్దురుగాని. అన్నట్టు పేరేమన్నారు?" చెప్పేవాణ్ణి. ఫోన్లో ఒక చిన్న ఖామోషీ. తర్వాత మాటలు ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. "మా అబ్బాయిని అడిగి చెప్తానండీ." "పొద్దున్నే ఎవరో టోకెన్ ఇచ్చారట, మా ఆవిడ ఇప్పుడే చెప్పింది." "మేం వెజిటేరియన్లకే ఇస్తామండీ, ఏమనుకోకండి." ఒకాయన నిజాయితీగా చెప్పాడు. "మీతో నాకేం ఇబ్బంది లేదు సార్. కింది వాటా వాళ్లు ఒప్పుకోరు." ఆయన మీద నాకు కోపం రాలేదు. కింది వాటా వాళ్లని అడిగి ఉంటాడని కూడా అనుకోను.

బ్రోకరు కుర్రాడు మంచివాడే. ఒక సాయంత్రం టీ తాగుతూ సలహా ఇచ్చాడు. "అన్నా, మీ తెలుగు వింటే ఎవరూ గుర్తుపట్టరు. ఫోన్లో వేరే పేరేదన్నా చెప్పండి. ఇల్లు చూసి, భాబీని చూసి, మాట కలిసినంక అసలు పేరు చెబుదురు. అప్పుడు కాదనలేరు." కాసేపు ఆలోచించాను. అతను చెప్పింది పనిచేస్తుంది కూడా. కానీ అగ్రిమెంటు మీద నా పేరే రాయాలి. గేటు మీద వచ్చే ఉత్తరం నా పేరు మీదే వస్తుంది. నా పిల్లల్ని గల్లీలో వాళ్ల పేర్లతోనే పిలుస్తాను. పేరు దాచి ఇంట్లోకి పోయినవాడు ఆ ఇంట్లో సుకూన్‌గా ఎట్లా పడుకుంటాడు? ఆ రాత్రి బీవీతో అంటే, "పేరు మార్చుకుని దొరికే ఇల్లు నాకొద్దు. అంతకన్నా టోలీచౌకీలో రెండు గదులు మేలు" అంది.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. ఫోన్ ఎత్తగానే ముందు పేరు, తర్వాతే మిగతా సంగతులు. తిరస్కారాలు తగ్గలేదు, పెరిగాయి. వాటికి పట్టే టైము మాత్రం తగ్గింది. ఒక రోజులో పూర్తయ్యే అవమానం అరగంటలో పూర్తయ్యేది.

ఇది నా ఒక్కడి కథ కాదని మీకూ తెలుసు. 2006లో సచార్ కమిటీ నివేదిక ఈ సంగతి రాసింది. ముస్లింలకు కోరుకున్న చోట ఇల్లు కిరాయికి దొరకడం, కొనుక్కోవడం కష్టంగా ఉందని, భద్రత కోసం ఒక్కచోట చేరుతున్నారని చెప్పింది. మరి చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 15వ అధికరణం ప్రభుత్వం వివక్ష చూపొద్దంటుంది. దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర ఎవరినీ అడ్డుకోవద్దంటుంది. తన ఇల్లు ఎవరికివ్వాలో తేల్చుకునే మాలిక్ మకాన్ సంగతి అందులో తిన్నగా లేదు. 2005లో అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో సభ్యత్వం పార్సీలకే అన్న నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి కోర్టుకెళ్తానని ఫోన్లో గొడవపడితే గొంతు నొప్పి తప్ప ఏమీ రాదు.

మధ్యలో టోలీచౌకీ కూడా పోయి చూశాం. మా ఫుప్ఫూ కొడుకు ఉంటాడక్కడ. సచ్ చెప్తున్నా, బీవీ ముఖంలో రిలీఫ్ చూశాను. ఎవరూ పేరు అడిగి ఆగిపోలేదు. సందుకో మసీదు. పక్కింటావిడ అప్పుడే షీర్ ఖుర్మా ఎట్లా చేస్తారో మాట్లాడ్డం మొదలుపెట్టింది. అట్లాంటి చోట ఉండాలనుకోవడం వెనకబాటుతనమని రాసే కొందరు పెద్దమనుషుల వ్యాసాలు నేనూ చదివాను. వాళ్లు 1990 డిసెంబరు హైదరాబాద్‌ని మర్చిపోయారు. ఆ అల్లర్ల తర్వాత కలిసున్న మొహల్లాల నుంచి ఎంతమంది హిందువులు అటు, ఎంతమంది ముస్లింలు ఇటు సామాన్లు ఎత్తుకుపోయారో పాత తరానికి తెలుసు. భయపడి ఒకచోట చేరినవాళ్లకి ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం సులువు.

కానీ అక్కడ కూడా ఒక ప్రశ్న ఎదురైంది. ఇల్లు చూపించిన పెద్దాయన తస్బీ తిప్పుతూ అడిగాడు. "మీరు షేకులా, పఠాన్లా? దూదేకులోళ్లకైతే ఇయ్యం మేము." ఆయన మామూలుగానే అడిగాడు. అటు చిక్కడపల్లి ఖామోషీ, ఇటు ఈ ప్రశ్న, రెండూ ఒకే కొలిమిలోవి కావా? మనకి ఇల్లు ఇవ్వనివాళ్ల గురించి మనం మాట్లాడే హక్ ఉంది. కానీ మన మొహల్లాల్లో దూదేకుల కుటుంబానికి, దళిత కుటుంబానికి, ఒంటరి ఆడమనిషికి ఎన్ని తలుపులు తెరుస్తున్నామో కూడా అదే జుబాన్‌తో చెప్పాలి. నేనైతే ఆ ఇల్లు తీసుకోలేదు.

ఇంటికి తిరిగొస్తుంటే బస్సులో బేటీ అడిగింది. "అబ్బా, అక్కడ లైబ్రరీ ఎంత దూరం?" దూరమే. లైబ్రరీ ఒక్కటే కాదు. నేను ఉర్దూ మీడియం నుంచి తెలుగులోకి రావడానికి పదేళ్లు పట్టింది. ఒత్తులు తప్పు రాస్తే క్లాసంతా నవ్వేది. నా పిల్లలకి ఆ పదేళ్లు మిగలాలంటే వాళ్లు తెలుగు వినపడే వీధిలో పెరగాలి. అట్లాగని అమ్మీకి అజాన్ లేని వీధి కూడా వద్దు. ఏదో ఒకటి వదులుకునే ఇల్లు కాదు, రెండింటికీ నడిచిపోగల ఇల్లు కావాలి. అదే మా ఫైసలా అయింది.

అల్హమ్దులిల్లాహ్, మే నెల చివర్లో దొరికింది. చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి మధ్య ఒక గల్లీలో, మొదటి అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్. ఓనరు డెబ్బై దాటిన పెద్దావిడ, ఒక్కతే కింద ఉంటుంది. పేరు చెప్పాను. "ఊఁ" అంది. జర్నలిస్టునన్నాను. దానికీ "ఊఁ" అంది. తర్వాత అడిగింది. "రాత్రి ఒంటిగంటకి వస్తానంటున్నావు, గేటు చప్పుడు కాకుండా వేస్తావా?" వేస్తానన్నాను. "నీళ్లు వృథా చేస్తారా?" చేయమన్నాం. బీవీ ధైర్యం చేసి ముందే చెప్పింది. "అమ్మా, మేం మాంసం వండుకుంటాం." పెద్దావిడ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. "వండుకోండి. బొమికలు బాల్కనీలో కాకులకి మాత్రం వేయకండి. అవి తెచ్చి నా తులసికోట మీద పడేస్తాయి."

వచ్చిన రెండు నెలలకి, 2023 ఆగస్టులో, ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీలు బ్రిడ్జి తెరిచారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో పైనుంచి పోతుంది. బేటాకి అదే పెద్ద వింత. సినిమా హాళ్ల దగ్గర కొత్త సినిమా రోజు ట్రాఫిక్ మాత్రం అట్లానే ఉంది. వినాయక నిమజ్జనం రోజు ఊరేగింపు నారాయణగూడ మీదుగా పోతుంది, రోడ్లు మూసేస్తారు. అమ్మీ షుగర్ మందులు ముందురోజే తెచ్చి పెట్టుకుంటాం. ఆ రాత్రి నేను డెస్క్‌లో ఉంటాను, ఇంట్లో ముగ్గురూ కిటికీలోంచి చూస్తారు. అమ్మీ మాత్రం తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటుంది. ఇప్పటిదాకా ఏమీ కాలేదు. ఏమీ కాకపోయినా ఆ రెండుసార్లు చూసుకోవడం పోదు.

పోగొట్టుకున్నవి కూడా చెప్పాలి. అమ్మీకి ఇక్కడ గుఫ్తగూ లేదు. పాలమూరులో అసర్ తర్వాత గడప మీద కూర్చుంటే ముగ్గురు పలకరించేవాళ్లు. ఇక్కడ గాలి అనుకూలంగా ఉన్నరోజే అజాన్ సన్నగా వినపడుతుంది, మిగతా రోజుల్లో ఫోన్లో పెట్టిన అజాన్. ఓనరమ్మకి ఉర్దూ అర్థమవుతుంది గానీ రాదు, అమ్మీకి తెలుగు వచ్చు గానీ సిగ్గు. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి సగం సైగలతో మాట్లాడుకుంటారు. రంజాన్‌లో తరావీహ్‌కి నేను, బేటా ముషీరాబాద్ పోతాం. ఇఫ్తార్‌కి పిలవడానికి పక్కవాటాల్లో రోజాదారులు లేరు. మొదటి ఈద్ రోజు మా ఇంటి తలుపు తట్టినవాళ్లు ఇద్దరే. అమ్మీ ఆ రోజు షీర్ ఖుర్మా గిన్నె మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది.

ఒక రాత్రి అడిగింది. "ఇక్కడ నేను పోతే నన్ను ఎక్కడ పెడతవు బేటా?" ఇల్లు వెతికేటప్పుడు నేను రాసుకున్న కాగితంలో ఈ ప్రశ్న లేదు. కిరాయికి ఉండేవాడికి నగరంలో కబరస్తాన్ ఎవరిది, ఏ కమిటీని అడగాలి? పాలమూరు తీసుకుపోతానని, అబ్బా పక్కనే ఉంచుతానని చెప్పాను. రెండున్నర గంటల దారి. ఆమె "అట్లయితే సరే" అని పడుకుంది. మీరు తల్లిదండ్రులతో నగరం మారుతున్నవాళ్లయితే ఈ మాట ముందే మాట్లాడుకోండి. కష్టమే, కానీ తర్వాత ఇంకా కష్టం.

బేటీ సంగతి వేరు. సాయంత్రం హిజాబ్ సర్దుకుని కేంద్ర గ్రంథాలయానికి పోతుంది. అక్కడ గ్రూప్స్‌కి చదివే అక్కలు పరిచయమయ్యారు. మొదట్లో ఒకమ్మాయి "నీకు తెలుగు ఇంత మంచిగ ఎట్లొచ్చింది?" అని అడిగిందట. "నీకెట్లొచ్చిందో నాకూ అట్లే" అని చెప్పిందట మా పిల్ల. ఇప్పుడు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని అభ్యర్థులు అశోక్‌నగర్ రోడ్ల మీదికొచ్చినప్పుడు ఆ అమ్మాయి కూడా ఉంది. పోలీసులు తరిమారని తెలిసి బేటీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఒక మొహల్లా మనదవడం అంటే ఇదే అనుకుంటాను. అక్కడివాళ్ల బాధ మన దస్తర్‌ఖాన్ దాకా రావాలి.

ఇక అడిగినవాళ్లకి నేను చెప్పేవి కొన్ని. ముందు పేరు చెప్పండి, తర్వాత కిరాయి మాట్లాడండి. మాంసం, బక్రీద్, చుట్టాలు, రాత్రి రాకపోకలు, వీటి గురించి అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి. మేం కుర్బానీ పాలమూరులో హిస్సా పెట్టుకుంటాం, ఆ సంగతి ముందే చెప్పాం. అడ్వాన్సు రెండు నెలలది ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. పదకొండు నెలల అగ్రిమెంటు కాగితం మీద రాసుకోండి, మాట మీద వద్దు. ఇల్లు మూడుసార్లు చూడండి. ఫజర్ వేళ ఒకసారి, బడి వదిలేటప్పుడు ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి. వానొచ్చిన మర్నాడు కూడా చూస్తే ఇంకా మంచిది. మసీదుకి, బడికి మీరే నడిచి చూడండి. ఇంటికన్నా ముందు హమ్‌సాయాని చూడమని పెద్దలన్నారు. హమ్‌సాయా మన మతమో కాదో చూడమనలేదు. గేటు ఎట్లా వేస్తాడో, నీళ్లు ఎట్లా పంచుకుంటాడో, కష్టంలో తలుపు తీస్తాడో లేదో చూడమన్నారు.

టోలీచౌకీలో ఉన్నా, చిక్కడపల్లిలో ఉన్నా అది మీరు ఎంచుకున్నదై ఉండాలి. తోసేస్తే పోయి పడిన చోటు కాకూడదు. నా ఫిక్ర్ అంతా అదే.

మా ఓనరమ్మకి ఆరోగ్యం బాగుండటం లేదు. కొడుకు వచ్చి తీసుకెళ్తాడట, ఇల్లు అమ్మేస్తారట. వచ్చే ఎండాకాలం లోపల మళ్లీ వెతకాలి. మళ్లీ చిక్కడపల్లేనా అని బీవీ అడిగింది. నేను జవాబు చెప్పేలోపల బేటీ, ఇప్పుడు ఇంటర్ సెకండియర్, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "ఈసారి నేను చేస్త అబ్బా. పేరు నేనే చెప్త" అంది.